ఇనారి దొడ్డిలో రెయిన్‌డీర్ల రక్త పరీక్ష

ఫిన్లాండ్ ఉత్తర కొసన ఉన్న ఇనారికి నేను వెళ్ళింది చలికాలపు ఆరంభంలో. వేసవి అంతా అడవిలో తిరిగిన రెయిన్‌డీర్లను (ఉత్తర దేశాల పెంపుడు జింకలను) అక్కడి ఆదివాసులైన సామీ పశుపాలకులు దొడ్డిలోకి తోలి, చెవి కోతల గుర్తులను బట్టి ఎవరి పశువులను వారు వేరు చేసుకునే రోజులవి. పిడుదుల కాటుతో సోకే టీబీఈ వైరస్ ఆనవాళ్ళ కోసం రక్త నమూనాలు తీసే పశువైద్య బృందం వెంట నేనూ ఉన్నాను.

నేలంతా మంచు పరచుకున్న చలిలో పిడుదులు కదలవు కదా, ఇప్పుడు ఏం దొరుకుతుందని నాకు సందేహం కలిగింది. వాళ్ళు వెతికేది పిడుదులను కాదు. మనుషుల్లో మెదడువాపు కలిగించే టీబీఈ వైరస్ పశువు రక్తంలో కొద్ది రోజులే ఉంటుంది. దాని ఆనవాలుగా మిగిలే యాంటీబాడీలు మాత్రం నెలల తరబడి నిలుస్తాయి కనుక, వేసవిలో ఆ వైరస్ సోకిందో లేదో ఇప్పుడు తీసిన రక్తంలోని సీరం (కణాలు తీసేసిన ద్రవభాగం) చెప్పగలదు.

ఇద్దరు కొమ్ములు పట్టుకుని పశువును కదలకుండా నిలిపితే, వైద్యురాలు మెడ మీది దట్టమైన బొచ్చును పాయ తీసి సిరలోకి సూది దించేది. ఈ దొడ్లలోనే ఏటా పరాన్నజీవుల నివారణకు ఐవర్‌మెక్టిన్ మందు ఇవ్వడం అక్కడ మామూలే. అదే అదనులో రక్తమూ తీసుకుంటే పశువును మళ్ళీ బెదరగొట్టే పని ఉండదు. ఈ పొదుపు నాకు నచ్చింది.

ఇనారిలో పిడుదులు అరుదు. దక్షిణాన, బోత్నియా అఖాతం ఒడ్డున ఉన్న సిమోలో మాత్రం టైగా పిడుదులనే జాతిలో ఈ వైరస్‌ను ఇప్పటికే గుర్తించారు; వాతావరణం వెచ్చబడే కొద్దీ పిడుదులు ఉత్తరానికి పాకుతున్నాయి. అందుకే ఏమీ లేని చోట కూడా ‘లేదు’ అని ఇప్పుడే నమోదు చేయాలి. లేకపోతే రేపు కనిపించేది కొత్తగా వచ్చిందో, ఎప్పటినుంచో ఉన్నదో తేల్చలేము. యాంటీబాడీలను పట్టే ఎలిసా పరీక్షలో పాజిటివ్ వచ్చినా తొందరపడరు. గొర్రెలకు సోకే లూపింగ్ ఇల్ వంటి, ఈ వైరస్‌కు దగ్గరి బంధువులైన వైరస్‌ల యాంటీబాడీలకూ ఆ పరీక్ష స్పందిస్తుంది కనుక, యాంటీబాడీలు వైరస్‌ను నిజంగా అడ్డుకుంటున్నాయో లేదో చూసే న్యూట్రలైజేషన్ పరీక్షతో నిర్ధారించుకుంటారు.

ఇదే వర్గపు వైరస్ వల్ల వచ్చే క్యాసనూరు అటవీ వ్యాధి 1957లో కర్ణాటకలోని శివమొగ్గ అడవుల్లో బయటపడినప్పుడు, కోతులు చచ్చిపడటమే హెచ్చరిక అయింది. కానీ టీబీఈ సోకిన పశువుల్లో సాధారణంగా పైకి ఏ లక్షణమూ ఉండదు. కాబట్టి మంద ఆరోగ్యంగా కనబడుతోందన్న మాట ఇక్కడ సాక్ష్యం కాదు.

భోజన విరామంలో ఒక వృద్ధ పశుపాలకుడు, తమవాళ్ళు టీకా వేయించుకోవాలా అని వైద్యురాలిని అడిగాడు. ఈ జబ్బుకు ప్రత్యేకమైన మందు లేదనీ, టీకా మాత్రం ఉందనీ, వేసవిలో దక్షిణపు తీరానికి వెళ్ళి పనిచేసేవాళ్ళు ముందుగానే వేయించుకోవడం మంచిదనీ ఆమె చెప్పింది.