చిన్నమ్మకు ఇందిరమ్మ ఇల్లు: దరఖాస్తు నుంచి చివరి బిల్లు దాకా

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఇల్లు కట్టుకోదలచినవారు అన్నిటికంటే ముందు గ్రహించవలసిన సంగతి ఒకటి ఉంది. ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల రూపాయలు పని మొదలుపెట్టుకోవడానికి ముందుగా చేతికి వచ్చే సొమ్ము కాదు, ఒక్కో దశ పూర్తయ్యాక ఆ దశకు పడే బిల్లు. కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో బీడీలు చుట్టుకొని బతికే మా చిన్నమ్మ ఇంటి పని మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చూసిన దానిగా నేను ఈ అనుభవాన్ని రాస్తున్నాను. చిన్నాయన పోయి చాలా ఏళ్లయింది. కూతుళ్లిద్దరూ అత్తగారిళ్లలో ఉన్నారు. నేను కరీంనగర్‌లో ఒక జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను కాబట్టి కాగితాల పని సహజంగానే నా మీద పడింది.

ఇల్లు కోసం చిన్నమ్మ దరఖాస్తు పెట్టుకోవడం ఇది మొదటిసారి కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో ఇందిరమ్మ పథకం వచ్చినప్పుడు, మామగారి పేరు మీద ఇల్లు ఉన్నదన్న కారణంతో ఆ కుటుంబానికి రాలేదు. తెలంగాణ ఏర్పడిన తరువాత వచ్చిన డబుల్ బెడ్‌రూం పథకంలో ప్రభుత్వమే 560 చదరపు అడుగుల ఇల్లు కట్టించి ఇచ్చేది, కాని వాళ్ల ఊరికి ఆ ఇళ్లు రానేలేదు. 2023లో సొంత జాగా ఉన్నవారికి 3 లక్షలు ఇస్తామని గృహలక్ష్మి ప్రకటించినప్పుడు మళ్లీ దరఖాస్తు చేశాం. ఆ డిసెంబరులో ప్రభుత్వం మారింది, ఆ పథకం ఆగిపోయింది. అందుచేత 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన సభల్లో దరఖాస్తులు తీసుకుంటున్నారని తెలిసినప్పుడు చిన్నమ్మకు పెద్దగా ఆశ లేదు. "ఎన్నిసార్లు రాసిస్తం బిడ్డా, రాసిన చేతులే నొస్తున్నయి" అన్నది. అయినా రాశాం. రాష్ట్రం మొత్తం మీద ఒక్క ఇళ్ల కోసమే సుమారు 80 లక్షల దరఖాస్తులు వచ్చాయంటే, అలా విసిగిపోయి కూడా రాసినవాళ్లు ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు.

2024 మార్చి 11న భద్రాచలంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పథకాన్ని ప్రారంభించారు. నియోజకవర్గానికి 3,500 చొప్పున మొదటి విడతలో 4.5 లక్షల ఇళ్లు అని ప్రకటించారు. ఊళ్లో మాత్రం ఆ ఏడాది చివర, మొబైల్ యాప్ వచ్చిన తరువాతనే కదలిక కనిపించింది. పంచాయతీ కార్యదర్శి ఇంటింటికీ వచ్చి, ఉన్న ఇంటి గోడ ఏమిటి, కప్పు ఏమిటి, జాగా ఎవరిది, ఆదాయం ఎంత అని అడిగి, ఇంటి ముందు దరఖాస్తుదారును నిలబెట్టి ఫోటో తీశారు. చిన్నమ్మది మట్టి గోడల, గూన పెంకుల ఇల్లు. వెనుక గోడ వానకు కూలితే అక్కడ టార్పాలిన్ కట్టుకొని ఉంటున్నది. ఆ గోడ కూడా ఫోటోలో రావాలని నేను కార్యదర్శిని కోరాను, ఆయన కాదనలేదు. సర్వే జరిగే రోజున ఇంటి మనిషి ఊళ్లో ఉండటం, ఇంటి అసలు పరిస్థితి ఫోటోలో పడటం ఎంత ముఖ్యమో నాకు తరువాత జాబితాలు చూశాక తెలిసింది.

అసలు చిక్కు జాగా దగ్గర వచ్చింది. పాత ఇల్లు మామగారి కాలం నాటిది, ఇంటి పన్ను రసీదు ఇప్పటికీ ఆయన పేరు మీదనే వస్తున్నది. అందులో సగం చిన్నమ్మ మరిదిది. ఆయన కుటుంబం మహారాష్ట్రలోని భీవండిలో మరమగ్గాల పని చేసుకుంటూ ఉంటుంది, కాని హక్కు హక్కే. ఈ ముడి విప్పకుండా ఇల్లు మంజూరైతే రేపు పునాది తవ్వే రోజున గొడవ వస్తుందని నాకు భయం పట్టుకుంది. సంక్రాంతికి ఆయన ఊరికి వచ్చినప్పుడు, పెద్దమనుషుల ముందు కూర్చొని, తూర్పు వైపు సగం చిన్నమ్మకు, పడమటి సగం ఆయనకు అని కాగితం రాసుకొని, ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు పెట్టించాం. "వదినె ఇల్లు కట్టుకుంటె నేనెందుకు అడ్డం పడుత" అని ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. అందరికీ అలాంటి మరుదులు ఉండరు. అదే వాడలో అన్నదమ్ముల సంతకం దొరకక, మంజూరైన ఇల్లు మొదలుకాకుండా ఉండిపోయిన కుటుంబాన్ని నేను చూశాను. జాగా ఉమ్మడిది అయినవారు జాబితా కోసం ఎదురుచూడకుండా ముందే ఈ పని చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

దరఖాస్తులను మూడు జాబితాలుగా విడదీశారు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివారు ఎల్1, జాగా కూడా లేనివారు ఎల్2, మిగిలినవారు ఎల్3. 2025 జనవరిలో గ్రామసభ పెట్టి పేర్లు చదివారు. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరిలోనే ముగిసినందున సభను ప్రత్యేకాధికారి నడిపించారు. పేరు రానివారు గట్టిగానే నిలదీశారు, మళ్లీ దరఖాస్తులు తీసుకున్నారు. చిన్నమ్మ పేరు ఎల్1లో వచ్చింది. ఆమె పక్కన కూర్చొని బీడీలు చుట్టే స్నేహితురాలి పేరు ఎల్2లో పడింది. ఇద్దరిదీ ఒకే కూలి, ఒకే కష్టం. గజం జాగా లేకపోవడం వల్ల ఎక్కువ పేదరాలైన ఆ మనిషే వెనుక వరుసలో నిలబడవలసి వచ్చింది. సొంత జాగా ఉన్నవారితో మొదలుపెడితే ఇళ్లు త్వరగా లేస్తాయన్నది నిజమే. కాని ఎల్2 వారికి జాగా చూపించే పని కూడా దానితోపాటే సాగాలి, లేకపోతే ఈ పథకం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే చివరగా చేరుతుంది.

మంజూరు పత్రం చిన్నమ్మ పేరు మీదనే వచ్చింది. ఇంటిని ఇంటి ఆడమనిషి పేరు మీద ఇవ్వడం ఈ పథకంలో నాకు మిక్కిలి నచ్చిన అంశం. మాకు చెప్పిన ప్రకారం బేస్‌మెంట్ పూర్తయితే 1 లక్ష, గోడలు కప్పు ఎత్తుకు లేస్తే 1.25 లక్షలు, స్లాబు పడితే 1.75 లక్షలు, మొత్తం పూర్తయితే 1 లక్ష వస్తాయి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు, వంటగది, మరుగుదొడ్డి తప్పక ఉండాలి. ఈ 5 లక్షలు సరిపోతాయా అని అడిగేవారు ఒకసారి పక్కకు చూడాలి. కేంద్రం గ్రామీణ ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతాల్లో ఇచ్చేది 1.20 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 1.80 లక్షలతో మొదలై మధ్యలో నిలిచిపోయిన ఇళ్లకు 2025లో ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించవలసి వచ్చింది. వాటితో పోలిస్తే ఇది మెరుగైన మొత్తమే. చిక్కంతా మొత్తంలో కాక, అది చేతికి వచ్చే వరుసలో ఉంది.

ముగ్గు పోసిన రోజు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది బిల్లు అక్కడే చెడిపోతున్నది. మేము అనుకున్నది 20 అడుగులకు 24 అడుగులు, అంటే 480 చదరపు అడుగులు. మేస్త్రీ టేపు పట్టుకొని, మేకులు దిగ్గొట్టి, దారం లాగి, సున్నం పోయబోతూ ఆగాడు. "అమ్మా, ముంగట ఇంకో ఆరు ఫీట్లు జరిపితె మంచి వరండా ఎల్తది. ఇల్లు మల్లమల్ల కడుతరా?" అన్నాడు. ఆ మాటకు చిన్నమ్మ ముఖంలో వెలుగు వచ్చింది, పెద్దల్లుడు కూడా సరేనన్నాడు. నేను అక్కడికక్కడే లెక్క వేసి చూపించాను: 26 ఇంటు 24 అంటే 624 అవుతుంది. అధికారులు కొలిచేది బయటి గోడ నుంచి బయటి గోడకు, లోపలి గదుల కొలత కాదు. పునాది 600 దాటిందంటే మొదటి బిల్లే ఆగిపోతుంది. అప్పటికే కట్టిన దాన్ని పగలగొట్టి తగ్గించుకోవలసిన పరిస్థితి కొందరికి వచ్చింది. మేస్త్రీ వింటూ దారాన్ని మళ్లీ వెనక్కి జరిపాడు, వరండా సంగతి తరువాత రేకులతో చూసుకోవచ్చునని చిన్నమ్మ తనకు తానే చెప్పుకుంది. పిల్లర్లు వేద్దామన్న మాట కూడా వచ్చింది. పైన మరో అంతస్తు వేసే ఆలోచన లేని చిన్న ఇంటికి గోడల మీదనే స్లాబు నిలుస్తుందని, ఆ ఇనుము ఖర్చు మిగిలితే తలుపులకు పనికివస్తుందని గృహనిర్మాణ శాఖ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) చెప్పారు. మండల పరిషత్ కార్యాలయం ఆవరణలో కట్టిన నమూనా ఇంటిని చిన్నమ్మకు చూపించాక ఆమెకూ ధైర్యం వచ్చింది.

ఇక డబ్బు. బేస్‌మెంట్‌కు తవ్వకం, రాయి, సిమెంటు, మొరం నింపడం, మేస్త్రీ కూలి కలిపి 1.40 లక్షల దాకా అయింది. వచ్చే బిల్లు లక్ష, అదీ పని అయ్యాక. "ముందుగాల లచ్చ రూపాలు ఎవలిస్తరు బిడ్డా?" అని చిన్నమ్మ అడిగిన ప్రశ్నకు ఊళ్లో సిద్ధంగా ఉన్న సమాధానం వడ్డీ వ్యాపారి, నూటికి నెలకు 3 రూపాయలు. చిన్నమ్మ ఎన్నో ఏళ్లుగా మహిళా సంఘంలో సభ్యురాలు కావడం ఇక్కడ అక్కరకు వచ్చింది. పని మొదలుపెట్టలేకపోతున్న లబ్ధిదారులకు సంఘాల ద్వారా లక్ష దాకా అప్పు ఇప్పిస్తున్నారని ఊళ్లోని మహిళా సంఘాలన్నిటి సమాఖ్య అయిన గ్రామైక్య సంఘంలో లెక్కలు చూసే సహాయకురాలు (వీఓఏ) చెప్పింది. మంజూరు పత్రం నకలు జతచేసి, సంఘం తీర్మానం రాయించి, ఆ అప్పు తీసుకున్నాం. మిగిలిన మొత్తానికి చిన్నమ్మ వేసుకున్న చీటీ ఎత్తింది. సంఘంలో లేనివారు, పొదుపు తప్పినవారు ఈ దారిలోకి రాలేరు. అందువల్ల మొదటి విడతలో కనీసం సగమైనా ముగ్గు పోసిన రోజున అడ్వాన్సుగా ఇవ్వాలని నేను అనుకుంటున్నాను. దుర్వినియోగం అవుతుందన్న భయం ప్రభుత్వానికి ఉండవచ్చు. కాని యాప్‌లో ఫోటో, స్థలం గుర్తు, ఆధార్ అన్నీ ఉన్న ఈ రోజుల్లో 50 వేలకు లెక్క చెప్పించుకోలేమా? పేదవాడిని నమ్మి ముందుగా ఇచ్చే ఆ కొద్ది మొత్తమే వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా ఆపుతుంది.

ఇసుక ఉచితం. తహసీల్దారు కార్యాలయం నుంచి కూపన్లు తెచ్చుకుంటే మానేరు ఇసుక దొరికింది, ట్రాక్టరు కిరాయి మాత్రం మనదే. ట్రాక్టరు యజమాని కిరాయి పెంచి అడిగినప్పుడు, ఒకే వాడలో ఇళ్లు కట్టుకుంటున్న నలుగురు కలిసి మాట్లాడుకోవడం వల్ల కొంత తగ్గింది.

బేస్‌మెంట్ పూర్తయిన రోజున కార్యదర్శి వచ్చి, చిన్నమ్మను దాని మీద నిలబెట్టి, సర్వేలో నమోదైన చోటనే యాప్‌లో ఫోటో తీశారు. ఆ తరువాత ఏఈ కొలత చూశారు, పై అధికారులు ఆమోదించారు. బిల్లులు సోమవారం పడతాయని చెప్పడంతో చిన్నమ్మకు వారంలో ఆ ఒక్క రోజే గుర్తుండేది. ఎంతకీ డబ్బు కనిపించలేదు. ఆన్‌లైన్‌లో చూస్తే చెల్లింపు జరిగినట్టే ఉంది. విచారిస్తే తేలింది ఏమిటంటే, చెల్లింపులు ఆధార్ ఆధారంగా జరుగుతున్నాయి, మనం రాసి ఇచ్చిన ఖాతా ఏదైనా, ఆధార్‌కు చివరగా జోడించిన ఖాతాలోనే డబ్బు పడుతుంది. చిన్నమ్మకు ఎప్పుడో తెరిచి వాడకుండా వదిలేసిన మరో బ్యాంకు ఖాతా ఉంది, లక్ష అందులో భద్రంగా ఉంది. పాస్‌బుక్కు ఎక్కడ ఉందో వెతికి, కేవైసీ కాగితాలు ఇచ్చి, ఆ ఖాతాను మళ్లీ నడిపించాక డబ్బు చేతికి వచ్చింది. మంజూరు పత్రం రాగానే ఏ ఖాతా ఆధార్‌కు జోడించి ఉన్నదో బ్యాంకులో కనుక్కోవడం, ఆధార్‌లోని పేరు, ఖాతాలోని పేరు ఒకటేనా అని చూసుకోవడం తప్పనిసరి.

ఆ లక్షతో ఇటుక, సిమెంటు కొని గోడలు లేపాం. రెండో బిల్లు ఆలస్యం లేకుండా వచ్చింది. స్లాబు దశ బరువైనది. ఇనుము, కంకర, సెంట్రింగ్ కిరాయి, ఒక్క రోజులో వచ్చే కూలీల గుంపు, అన్నిటికీ ఒకేసారి డబ్బు కావాలి. చేతిలో 1.25 లక్షలు ఉన్నా చాలలేదు, సిమెంటు దుకాణంలో ఉద్దెర పెట్టి, 1.75 లక్షల బిల్లు పడగానే తీర్చాం. ఇలా ఒక దశ బిల్లు తరువాతి దశకు పెట్టుబడి అవుతూ వస్తుంది. ఎక్కడైనా ఒక బిల్లు ఆలస్యమైతే ఇల్లు అక్కడే ఆగిపోతుంది. ప్రతి ఊళ్లో గోడల దాకా లేచి ఆగిన ఇళ్లు కనబడటానికి కారణం ఇదే కాని, కట్టుకునేవారి అలసత్వం కాదు.

ప్లాస్టరింగ్, తలుపులు, కిటికీలు, కరెంటు పని, మరుగుదొడ్డి కలుపుకొని ఖర్చు మొత్తం 7 లక్షలు దాటింది. 5 లక్షలు ప్రభుత్వానివి, మిగిలినవి చీటీ, కూతుళ్లు తలా కొంత ఇచ్చినవి, సంఘం అప్పు. సెప్టిక్ గుంతకు మూతలు పడేదాకా మరుగుదొడ్డి పూర్తయినట్టు లెక్కకు రాదని చెప్పడంతో చివరి ఫోటో కొంత ఆగింది, మూతలు వేయించాక తీశారు. ఆఖరి లక్ష వచ్చిన వారంలోనే చిన్నమ్మ సంఘం అప్పులో పెద్ద భాగం కట్టేసింది. మిగిలిన వాయిదాలను బీడీల కూలిలోంచి నెలనెలా కడుతున్నది. ఇంటి పన్ను రసీదు ఇప్పుడు ఆమె పేరు మీద వస్తున్నది. ఎల్2లో ఉన్న ఆమె స్నేహితురాలి కోసం, ఊరి పొలిమేరలోని ప్రభుత్వ భూమిలో ఇంటి జాగాలు ఇవ్వాలని వాడలోని ఆడవాళ్లందరి సంతకాలతో ఒక అర్జీ రాసి, అధికారులు ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చాం.