రేగట్లో పడితేగానీ తెలియలేదు

ఆరు నెలలుగా నాకు ఒకటే రంధి, కొత్త బండి. తారు రోడ్డు మీద వంద కిలోమీటర్లు నడుము పట్టేయకుండా పోవాలి, అవసరమైతే చేను దారిలోనూ దిగాలి. షోరూముకు పోయి కేటీఎం 390 అడ్వెంచర్ బైకు ఎక్కి చూశాను. అప్పటి మోడల్ సీటు ఎత్తు 855 మిల్లీమీటర్లు, నేనేమో ఐదడుగుల ఐదంగుళాలు. బొటనవేళ్లు మాత్రమే నేలకు ఆనాయి. పక్కనున్న కుర్రాడు నవ్వు ఆపుకోవడం అద్దంలో కనబడింది. దిగేశాను.

చివరికి మా చిన్నాయన కొడుకే ఉపాయం చెప్పాడు. వాడి దగ్గర 2021 రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 ఉంది, వాడి స్నేహితుడికి హీరో ఎక్స్‌పల్స్ 200 ఫోర్‌వీ ఉంది. "రెండూ తీసుకోని గండికోట పోయొద్దాం నా. మార్చి మార్చి తోలు. నీకే తెలుస్తాది."

కార్తీకంలో ఒక ఆదివారం తెల్లవారుజామున అనంతపురం టవర్ క్లాక్ దగ్గర టీ తాగి బయల్దేరాం. ముందు నేను హిమాలయన్ ఎక్కాను. సీటు 800 మిల్లీమీటర్లే, రెండు పాదాలూ నిండుగా నేల మీద ఆనాయి. ఆ సుఖానికే సగం మనసు దాని మీదికి పోయింది. బుక్కరాయసముద్రం చెరువు దాటాక చలిగాలి మొదలైంది. ముందున్న చిన్న అద్దం ఛాతీకి గాలి కొట్టకుండా కాసింది. కాగితం మీద చూస్తే దాని బలం 24 గుర్రాలు (హార్స్‌పవర్), అంతే. కానీ గంటకు 80 కిలోమీటర్ల వేగంలో నిబ్బరంగా, ఖాళీ బండి లాగే ఎద్దులా పోతోంది. తమ్ముడు ఎక్స్‌పల్స్ మీద వెనకబడి వస్తున్నాడు. 19 గుర్రాలు కదా, 90 దగ్గరికి వస్తే ఇంజన్ గొంతు మారిపోతుందట.

తాడిపత్రిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. (బండి ఏదైనా ఈ స్టాపు మాత్రం మారదు.) అక్కణ్నుంచి నాపరాళ్ల లారీల రాజ్యం. రోడ్డు అంచున పడి ఉండే రాతి ముక్కలు బ్లేడుల్లా ఉంటాయి. మా రెండు బండ్లకూ స్పోకుల చక్రాలే కాబట్టి లోపల ట్యూబులు. పంక్చరైతే చక్రం విప్పాల్సిందే. అందుకని ట్యూబు, టైరు విప్పే ఇనుప పట్టీలు, పంపు వెంట తెచ్చుకున్నాం. సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్ లాంటివాటికి అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. పంక్చరు ఐదు నిమిషాల పని. కాకపోతే వాటి ముందు చక్రం 19 అంగుళాలు, వీటిది 21. చక్రం పెద్దదైతే గుంతలో దిగబడకుండా దాటుకుంటుంది. నాకు గుంతలే ఎక్కువ కాబట్టి ట్యూబుతోనే రాజీపడ్డాను.

గండికోట గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. పెన్న లోయ అంచున కాసేపు కూర్చున్నాం, మాధవరాయ ఆలయం చూశాం, ఎండ ముదిరింది, లేచాం.

తిరుగు దారిలో కొండాపురం వైపు వస్తూ తమ్ముడు ఒక చేను దారి చూపించాడు. మొదట అంతా కంకర. హిమాలయన్‌లో వెనక ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా బ్రేకు వదిలి పట్టే ఏర్పాటు) ఆపేసే స్విచ్ ఉంటుంది, అది నొక్కాను. వదులు కంకర మీద ఏబీఎస్ మాటిమాటికీ బ్రేకు వదిలేస్తుంటే బండి తొందరగా ఆగదు. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లతో ట్యాంకు పట్టుకొని బాగానే తోలాను. కొంచెం గర్వం కూడా వచ్చింది.

తర్వాత నల్లరేగడి వచ్చింది. రెండు రోజుల కిందట వాన పడినట్టుంది. పైన ఎండిన పొర, కింద వెన్న. ముందు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య బంక నిండి, చక్రం తిరగడం మానేసి, బండి మెల్లగా, చాలా మర్యాదగా పక్కకు ఒరిగింది. 199 కిలోలు. సీటుకు వీపు ఆనించి, గొంతుకూర్చొని, ఒక చెయ్యి హ్యాండిల్‌కు, ఇంకో చెయ్యి వెనక కడ్డీకి వేసి కాళ్లతో లేపాలని వీడియోల్లో చూశాను. లేపబోతే నా కాళ్లే జారుతున్నాయి. మడమల కింద రేగడి ఉండలు ఉండలుగా చేరి రెండంగుళాలు పొడుగయ్యాను కూడా. షోరూములో ఆ పొడుగు ఉంటే బాగుండేది.

మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఆగాడు. "ఈ రేగట్లోకి ఎద్దులే దిగవు, మీరు బండ్లు దించినారా అప్పా?" అని తిట్టి, పంచె ఎగగట్టి చెయ్యి వేశాడు. ముగ్గురం కలిస్తేగానీ లేవలేదు. ఆయన చేతి కర్రతోనే మడ్‌గార్డులోని మట్టి గీకాం.

అక్కడే బండ్లు మార్చుకున్నాం. ఎక్స్‌పల్స్ సీటు ఒక అంగుళం ఎత్తు, ఒక కాలే సరిగ్గా ఆనింది. వంద గజాలు పోయానో లేదో, దీన్నీ పడేశాను. తమ్ముడు వచ్చేలోపే, అదే పద్ధతిలో వీపు ఆనించి తోస్తే లేచింది. 160 కిలోలకు కాస్త తక్కువ. ఎవరి సాయమూ లేకుండా. మేకలాయన దూరం నుంచి చూసి తల ఊపాడు. మెచ్చుకున్నాడో, వీళ్లకు బుద్ధి రాదనుకున్నాడో!

తాడిపత్రి నుంచి ఇంటిదాకా ఎక్స్‌పల్స్ మీదే వచ్చాను. 70లో. లారీలు దాటిపోతుంటే హిమాలయన్ గుర్తొస్తూనే ఉంది, అబద్ధమెందుకు.

పోయిన వారం ధర్మవరంలో పాత ఎక్స్‌పల్స్ ఒకటి అమ్మకానికి ఉందంటే పోయాను. ఓనరు తాళం ఇచ్చి తోలి చూడమన్నాడు. తోలేముందు ఒకసారి నేల మీద పడుకోబెట్టి లేపొచ్చా అని అడిగాను. ఆయన తాళం వెనక్కి తీసుకున్నాడు.