నా టాప్ కామిక్స్ సినిమాలు (తిట్టుకుంటే తిట్టుకోండి)

మొన్న వీకెండ్ స్పైడర్‌మ్యాన్ 2 మళ్ళీ వేశా, 2004లో సామ్ రైమీ తీసింది, ఇంక ఫిక్స్, నా ఫస్ట్ ప్లేస్ దీనికే. డార్క్ నైట్ కదా అంటారు, తెలుసు, అందులో జోకర్‌గా చేసిన హీత్ లెడ్జర్‌కి చనిపోయాక ఆస్కార్ వచ్చింది, కాదనట్లేదు, కానీ నాకది సెకండే, అందులో బ్యాట్‌మ్యాన్ కన్నా జోకరే గుర్తుంటాడు మరి. స్పైడర్‌మ్యాన్ 2లో పీటర్‌కి, అదే మన స్పైడర్‌మ్యాన్‌కి, రెంట్ కట్టడానికి డబ్బుల్లేవు, పిజ్జా డెలివరీ జాబ్ ఊడింది, కాలేజీ గోవిందా, అన్నీ పోయి కూడా ఆ ట్రైన్ ఆపి మాస్క్ లేకుండా స్పృహ తప్పి పడిపోతే జనం చేతుల మీదుగా లోపలికి మోసుకెళ్తారు చూడండి, అబ్బా, ఆ సీన్ ఒక్కటి చాలు.

థర్డ్ లోగన్, 2017. గాయాలు వాటంతటవే మానిపోయే ఎక్స్-మెన్ హీరో వుల్వరిన్ ఇందులో ముసలాడు, గాయాలు మానట్లేదు, తన పాత గురువు ప్రొఫెసర్‌కి మందులేస్తూ దాక్కుని బతుకుతుంటాడు, సూపర్‌హీరో సినిమా అన్న సంగతే మర్చిపోయా. తర్వాత 2018 స్పైడర్‌వర్స్, బొమ్మల సినిమా అని స్కిప్ చేసినోళ్ళకి దండం, కామిక్ పేజీలో ఉండే చుక్కలూ, డబ్బాల్లో రాతలూ స్క్రీన్ మీదే కనిపిస్తాయి.

అవెంజర్స్ ఎండ్‌గేమ్ ఏదీ అంటారా? థియేటర్లో అరిచి గొంతు పోయింది నిజమే, ఇంట్లో చూస్తే ఆ మూడు గంటలూ సాగాయి బాబోయ్. ఐదో ప్లేస్ ఖాళీగా ఉంది, మీరే చెప్పండి, 2003 డేర్‌డెవిల్ అన్నోళ్ళని మాత్రం బ్లాక్ చేస్తా.