కరివేపాకు కోసం కారు

పదకొండున్నర అయింది, నిద్ర పట్టట్లేదు. కారణం కరివేపాకు. సాయంత్రం పప్పులోకి తాలింపు పెడుతూ అయ్యో కరివేపాకు లేదే అన్నాను, అంతే, మావారు కారు తాళాలు తీసేసుకున్నారు. కొట్టు మా సందు చివరే. సెల్లార్‌లోంచి కారు తీసి, అక్కడ ఆపడానికి చోటు లేక ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, కిటికీలోంచి కేకేసి ఆయన తెచ్చేసరికి నా ఆవాలు మాడిపోయాయి.

దానికి తోడు అన్నాల దగ్గర చిన్నోడి లెక్క. లీటర్ పెట్రోల్ బరువు ముప్పావు కిలో, కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మాత్రం 2.3 కిలోల దాకా ఉంటుందట. అదెలారా అంటే, బియ్యం నీళ్లు తాగి అన్నమైనట్టు, పెట్రోల్లో కార్బన్ గాల్లో ఆక్సిజన్‌ని కలుపుకుంటుంది కదమ్మా అన్నాడు. అప్పట్నుంచీ అదే తిరుగుతోంది బుర్రలో.

నాన్న గుర్తొచ్చారు. చేతక్ స్కూటర్, సింహాచలం కొండ. దర్శనం అయ్యాక దిగేటప్పుడు ఇంజన్ ఆపేసేవారు, పెట్రోల్ మిగులుతుందని. ముందు నేను నిలబడి, వెనక అమ్మ బ్రేకులు బ్రేకులు అని గొణుగుతూ, చెవుల్లో గాలి తప్ప చప్పుడే లేదు, అమ్మ ఒళ్లో సంపెంగల పొట్లం వాసన. స్కూటర్ ఆగిపోతే పక్కకి వంచి మళ్లీ కిక్ కొట్టడం, ఎన్ని కిలోమీటర్లకి ఎన్ని లీటర్లో చిన్న పుస్తకంలో రాసుకోవడం... మేం పిసినారి నాన్న అనేవాళ్లం. ఈ ముచ్చట చెప్తే చిన్నోడు అది ప్రమాదం అని తిట్టాడు, అదీ నిజమే. ఇప్పటి కార్లలో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలట, దిగుడులో ఇంజన్‌కి పెట్రోల్ దానంతటదే ఆగుతుందట.

సరే, ఇంతా చెప్పే నేను ఇవాళ మెట్రోలో వెళ్లాను. నాగోల్‌లో ఎక్కితే అదే మొదటి స్టేషన్ కాబట్టి సీటు గ్యారంటీ, రాయదుర్గం దాకా ఏసీలో హాయిగా కునుకు. కానీ ఇంటి నుంచి స్టేషన్‌కి వెళ్లాలి కదా! మొదటి ఆటో అతను రానన్నాడు, రెండో అతను అడిగిన డబ్బులతో రైల్లో ఇంకోసారి పోయి రావచ్చు. నడుద్దామంటే ఫుట్‌పాత్ మీద ఇడ్లీ బండి, దాని పక్కన బైకులు, వాటి పక్కన ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోసిన ఇసక. చీర కుచ్చిళ్లు పట్టుకుని రోడ్డు మధ్యలో నడుస్తుంటే వెనక హారన్లు. దిగాక ఆఫీసుకి మళ్లీ ఇంకో ఆటో. అప్పుడనిపించింది, మావారిని అనడానికి నాకు నోరెలా వస్తుందీ అని, నడిచే దారుంటే ఆయనా నడిచేవారేమో.

లేదులెండి, నడవరు. మా సందులో దారి బానే ఉంది.

ఇంకోటి కూడా చెప్పాలి. సోమవారం కొత్తిమీర ఒక్క కట్ట ఫోన్లో ఆర్డర్ పెట్టింది నేనే. ఎండలో ఆ పిల్లాడు బైక్ మీద తెచ్చాడు, నేను థాంక్యూ అని తలుపేసుకున్నాను. ఆ పెట్రోల్ ఎవరి లెక్కలో వేయాలో చిన్నోడిని అడగలేదు.

పొద్దున్నకి పెరుగు లేదు, ఇప్పుడే గుర్తొచ్చింది. ఆర్డర్ పెట్టలేదు ఇంకా. పెడతానేమో.