అవ్వ కట్టిచ్చిన ముడుపు

మా అవ్వకు ఎనభై నాలుగేళ్ళు. పెళ్ళయిన ఏడాది మొదలు ప్రతి ఏడూ తిరుమల కొండకు నడిచి పోయిన మనిషి. మా నాయనను చంకనేసుకుని ఒకసారి, చిన్నాయన కడుపులో ఉండగా ఇంకోసారి కూడా ఎక్కిందట. 2014 తర్వాత మోకాళ్ళు సహకరించలేదు. అయినా ముడుపు మాత్రం ఆపలేదు. తమిళుల పెరటాసి నెల శనివారాల్లో మా చిత్తూరు వైపు ఇళ్ళల్లో తళిగ వేస్తారు, అంటే స్వామికి నైవేద్యం పెడతారు. ఇత్తడి చెంబుకు నామాలు పెట్టి పిల్లల చేతికిస్తే, వాళ్ళు గోవిందలు చెప్పుకుంటూ నాలుగిళ్ళు తిరిగి బియ్యం తెస్తారు. ఆ బియ్యంతోనే స్వామికి వంట. ఆ ప్రతి శనివారం అవ్వ ఒక రూపాయి బిళ్ళ పసుపు గుడ్డలో వేసి ముడి వేస్తుంది. ఎవరు కొండకు పోతే వాళ్ళ చేతికి ఆ మూట ఇస్తుంది. ఈసారి నా చేతికిచ్చింది.

సంక్రాంతికి అందరం ఊరికి చేరాం. కాణిపాకం దగ్గర మా ఊరు. వేలూరు నుంచి మేనత్త వాళ్ళు, బెంగళూరు నుంచి మేము, చిత్తూరు నుంచి చిన్నమ్మ వచ్చారు. చిన్నాయన కువైట్‌లో డ్రైవరు. మూడేళ్ళయింది ఊరికి వచ్చి. మేనత్త మనవడికి పుట్టువెంట్రుకలు తీయించాలి. చిన్నమ్మకు మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టే మొక్కు ఉంది. అందుకని కనుమ అయిన తర్వాత వచ్చిన శుక్రవారం బయలుదేరాం. ముందు రోజు సాయంత్రమే కాణిపాకం పోయి వినాయకుడికి చెప్పి వచ్చాం. వరసిద్ధుడికి చెప్పకుండా మా ఇంట్లో ఎవరూ గడప దాటరు.

బయలుదేరేటప్పుడు అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. "అమ్మణ్ణీ, ఫోటోలు నాకొద్దు. నా కండ్లకు అవి ఆనవు. నువ్వు చూసింది నాకు చెప్పు. అంతే." మళ్ళీ పాప వైపు తిరిగి, "ఆడ ఎవురన్నా తప్పిపోతే యాడా తిరగద్దు. బేడి ఆంజనేయస్వామి కాడికి వచ్చి నిలబడు" అంది. మా పాపకు తొమ్మిదేళ్ళు. పెద్దవ్వ మాటను పాఠంలా రెండుసార్లు అప్పజెప్పింది.

తెల్లవారుజామున మూడింటికి వ్యాన్ కదిలింది. పూతలపట్టు దాటాక నిద్ర పట్టింది, చంద్రగిరి దగ్గర మెలకువ వచ్చేసరికి ఎదురుగా చీకట్లో కొండ. గాలిగోపురం మీద దీపాలతో వెలుగుతున్న నామం అంత దూరానికీ కనబడుతోంది. అమ్మ నిద్రలోనే ఉన్నట్టుంది, చేతులు మాత్రం జోడించింది.

అలిపిరిలో సామాను కౌంటర్లో ఇచ్చేశాం. వాళ్ళే దాన్ని కొండ మీదికి చేరుస్తారు. మేనత్త, ఆమె కూతురు, పసివాడు బస్సెక్కారు. మిగిలినవాళ్ళం పాదాల మండపానికి వెళ్ళాం. అక్కడ లోహపు పాదుకలు ఉంటాయి. వాటిని తల మీద పెట్టుకుని మండపం చుట్టూ తిరగాలి. స్వామి ప్రతి రాత్రి కొండ దిగి తిరుచానూరు అమ్మవారి దగ్గరికి నడిచి పోతాడని, అందుకే ఆయన చెప్పులు అరిగిపోతాయని అవ్వ చెప్పేది. పాప ఆ పాదుకలు మోస్తూ "ఇంత బరువు చెప్పులేసుకుని రోజూ ఎట్లా దిగుతాడమ్మా" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. పక్కనే ఉన్న నాయన "ప్రేమ ఉంటే బరువు తెలీదు పాపా" అన్నాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు మా నాయన.

అలిపిరి దారిలో 3550 మెట్లు. దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు నుంచి పోతే 2388 మెట్లే, త్వరగా ఎక్కేయొచ్చు. కానీ మా ఇంట్లో అందరిదీ అలిపిరి దారే. చిన్నమ్మ మొదటి మెట్టు దగ్గర కొంగు నడుముకు దోపి వంగింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైమెట్టుకు. నాలుగు మెట్లు చూసి మా పాప "చిన్నవ్వా, నువ్వు పసుపు రాయి, నేను బొట్టు పెడతా" అని ఆమె వెనకే చేరింది. ఇక ఆ ఇద్దరూ విడిపోలేదు. పసుపు వేలు ముందు, కుంకుమ వేలు వెనక. పది నిమిషాలు సాయం చేసి ఆపేస్తుంది అనుకున్నాను. ఆపలేదు.

తలయేరు గుండు దగ్గర ఆగాం. ఆ బండకు మోకాళ్ళు ఆనిస్తే నొప్పులు ఉండవని నమ్మకం. అమ్మ తన మోకాళ్ళు ఆనించి, తర్వాత ఇంకోసారి ఆనించింది. "ఇది మీ అవ్వ మోకాళ్ళకి" అంది. అత్తాకోడళ్ళుగా ఆ ఇద్దరి మధ్య మాట పట్టింపులు నేను చిన్నప్పటి నుంచి చూశాను. ఆ బండ దగ్గర అమ్మ ఆ మాట అంటుంటే నాకు గొంతు పట్టేసింది.

గాలిగోపురం లోపే మెట్లు ఎక్కువ. ఊపిరి అందదు, చలికాలమైనా చొక్కాలు తడుస్తాయి. మేము చేరేసరికి తొమ్మిదిన్నర. పైన కూర్చుంటే వీచిన గాలికి ఆ పేరు ఎందుకొచ్చిందో ఒంటికే తెలిసింది. చిన్నమ్మ మూట విప్పింది. చింతపండు పులిహోర, నిప్పట్లు, ఇడ్లీల్లోకి ఊరుబిండి. పక్కన కూర్చున్న ముసలాయనకూ ఒక ఆకులో పెట్టింది.

అప్పుడే కువైట్ నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కడ ఉదయం ఏడు. శుక్రవారం సెలవు కాబట్టి చిన్నాయన గదిలోనే ఉన్నాడు. బావ ఫోన్ తిప్పి గోపురం చూపించాడు, కింద తిరుపతి ఊరంతా చూపించాడు. చిన్నాయన "అదంతా తర్వాత, మీ చిన్నమ్మ చెయ్యి చూపించు" అన్నాడు. చిన్నమ్మ చెయ్యి ముందుకు చాపింది. మణికట్టు దాకా పసుపు, గోళ్ళ సందుల్లో కుంకుమ. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నడుము నొప్పిగా ఉంటే కాసేపు కూసో" అన్నాడు. "అయిపోతాది లే" అంది ఆమె. అంతే మాట్లాడుకున్నారు. ఆ మొక్కు ఎందుకో మాకెవరికీ చెప్పలేదు గానీ, అందరికీ తెలుసు.

ఆ తర్వాత దారి కొంత సాఫీ. ఏడో మైలు ఆంజనేయస్వామి, నరసింహస్వామి గుడి, చెట్ల నీడ. పిల్లలు దారి పక్క రాళ్ళ మీద రాళ్ళు పేర్చి ఇల్లు కట్టారు. అట్లా కడితే సొంతిల్లు అవుతుందంటారు. 2023లో ఈ దారిలోనే చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకున్న తర్వాత, చిన్న పిల్లలను మధ్యాహ్నం 2 తర్వాత పంపకూడదని నియమం పెట్టారు. ఆ పాప గుర్తొచ్చి మా పిల్లలను మధ్యలో పెట్టుకుని, గుంపుగానే నడిచాం. ఆ తల్లిదండ్రుల కోసం అమ్మ ఒక కర్పూరం బిళ్ళ వెలిగించింది.

అవ్వాచారి కోన దాటాక మోకాళ్ళ మిట్ట. నిటారు మెట్లు. రామానుజుల వారు ఈ కొండ కాళ్ళతో తొక్కకూడదని మోకాళ్ళ మీద ఎక్కారని చెబుతారు. తాళ్ళపాక అన్నమయ్య ఎనిమిదేళ్ళ పిల్లాడిగా చెప్పులతో ఎక్కుతూ ఇక్కడే సొమ్మసిల్లితే, అమ్మవారు వచ్చి చెప్పులు విడిపించి దారి చూపిందనేది ఇంకో కథ. పాపకు ఆ కథ చెప్పాను. ఎనిమిదేళ్ళంటే తనకంటే చిన్నవాడని లెక్క వేసుకుని, అలిసిపోయిన మొహంతోనే కుంకుమ గిన్నె మళ్ళీ చేతికి తీసుకుంది. చివరి మెట్టు మీద ఇద్దరూ కలిసి బొట్టు పెట్టారు. చిన్నమ్మ లేవలేకపోయింది. బావ, నేను చెరో చెయ్యి పట్టి లేపాం.

సాయంత్రం కళ్యాణకట్ట. పసివాడు మేనమామ ఒడిలో, అంటే మా బావ ఒడిలో కూర్చున్నాడు. మొదట ఏడ్చి, సగం గుండయ్యాక నీళ్ళ చప్పుడు వింటూ ఊరుకున్నాడు. ఆ ఫోటోలు ఇంటి గ్రూపులో పెడితే వేలూరు, బెంగళూరు, కువైట్ నుంచి దండాలు వరస కట్టాయి. రాత్రి తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోంచేశాం. పద్దెనిమిదో శతాబ్దంలో మా సీమలోని తరిగొండలో పుట్టి, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, ఊరి మాటలు పడి, కొండకు చేరి కావ్యాలు రాసిన తల్లి ఆమె. ఈ రోజుకూ రాత్రి ఏకాంతసేవలో ఆమె పేరున ముత్యాల హారతి ఇస్తారు. అంతమంది ఒక్కసారి కూర్చుని తినే చోటికి ఆ పేరు పెట్టడం నాకు చాలా నచ్చుతుంది.

దర్శనం శనివారం. ముందు పుష్కరిణి పక్కన వరాహస్వామికి మొక్కి, ఫోన్లు డిపాజిట్ చేసి లైన్లోకి వెళ్ళాం. కంపార్ట్‌మెంట్లో చాలాసేపు కూర్చున్నాం. పాలు, ఉప్మా ఇచ్చారు. చేతిలో ఫోన్ లేకపోయేసరికి మేనత్త పాత సంగతులు మొదలుపెట్టింది. నాయన చిన్నప్పుడు మామిడి తోపులో తేనెటీగలు కుట్టించుకున్నది, అవ్వ ఎద్దుల బండిలో చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయింది. ఇంత వయసొచ్చి నేను అవి మొదటిసారి విన్నాను. ఆ గంటలు ఇంకొంచెం సాగినా బాగుండేది అనిపించింది.

మహాద్వారం దగ్గర నీళ్ళు పాదాలను తడిపాయి. ఆ తర్వాత అంతా గోవిందలు, తోపు, బంగారు వాకిలి. ఎదురుగా స్వామి. ఎంతసేపు చూశానంటే చెప్పలేను. అడగాలనుకున్నవి ఒక్కటీ గుర్తు రాలేదు. అవ్వ ముడుపు మాత్రం గుప్పిట్లో గట్టిగా ఉంది. హుండీలో వేసేటప్పుడు "ఇది మా అవ్వది" అని పైకే అన్నాను.

బయటికి వచ్చాక లడ్డూల దగ్గర రద్దీలో నాయన, పాప కనబడలేదు. ఫోన్లు ఎవరి దగ్గరా లేవు. అమ్మకు టెన్షన్‌తో చేతులు వణికాయి. బావ ఒక పక్కకు, నేను ఇంకో పక్కకు పరుగెత్తాం. పావు గంట తిరిగిన తర్వాత నాకు అవ్వ మాట తట్టింది. గుడికి ఎదురుగా, బేడి ఆంజనేయస్వామి మెట్ల మీద నాయన కూర్చుని ఉన్నాడు, పక్కన పాప లడ్డూ సంచీ ఒళ్ళో పెట్టుకుని. "తాత అటూ ఇటూ పోదామన్నాడు, నేనే పోనీలేదు. పెద్దవ్వ చెప్పింది కదా" అంది. అమ్మ దాన్ని గట్టిగా పట్టుకుని ఆ మెట్ల మీదే కూలబడింది.

తిరుచానూరులో అమ్మవారిని చూసుకుని ఊరు చేరేసరికి రాత్రయింది. అవ్వ నిద్రపోలేదు. వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. లడ్డూ చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది.

"ఇంక చెప్పు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపి ఆపి అడిగింది. "మహాద్వారం కాడ గునపం చూసినావా?" స్వామి భక్తుడు అనంతాళ్వారు చెరువు తవ్వుతూ విసిరితే బాలుడి రూపంలో వచ్చిన స్వామి గడ్డానికి తగిలిన గునపం అది. చూడలేదని ఒప్పుకున్నాను. "నేను చూశాను, లోపలికి పోయేటప్పుడు కుడి పక్క గోడకు పైన ఉంది" అంది పాప. అవ్వ మొహం వెలిగింది. "గడ్డం కింద పచ్చకర్పూరం?" అది నేను చూశాను, తెల్లగా. "విమానం మీద స్వామికి దండం పెట్టినావా?" విమానమంటే గర్భగుడి మీది గోపురం. పెట్టాను. "మోకాళ్ళ మిట్ట కాడ మీ చిన్నమ్మ ఏడ్చిందా?" ఈ ప్రశ్నకు అందరం చిన్నమ్మ వైపు చూశాం. ఆమె తల దించుకుని నవ్వింది. అమ్మ తలయేరు గుండు సంగతి చెప్పలేదు. నేను చెప్పాను. అవ్వ కోడలి వైపు చూసి, "నీ మోకాళ్ళకి రెండోసారి ఆనించుకోవాల్సింది" అని, ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

మరునాడు పొద్దున అవ్వ చెల్లెలు పాకాల నుంచి బస్సులో వచ్చింది. ఆమెకూ నడక లేదు. నేను లోపల కాఫీ కలుపుతుంటే వసారాలోంచి అవ్వ గొంతు వినబడింది.

"గాలిగోపురం కాడ యెంత గాలో తెలుసా! పులిహోర తిన్యాం. కువైట్ నుంచి చిన్నోడు మాట్లాడినాడు. పాప యెనకాలే బొట్టు పెట్టుకుంటా వచ్చింది, ఒక్క మెట్టు ఇడిసిపెట్లా. గునపం ఆడనే ఉండాది, కుడి పక్కన..."

కాఫీ గ్లాసులు పట్టుకుని నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.