పదో సంతకం

నేను డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్సు చెప్తాను. అల్పసంఖ్యాకుల సాంస్కృతిక హక్కులు అనే పాఠం ఏటా ఒక గంటలో అయిపోయేది. బోర్డు మీద మూడు పాయింట్లు రాసి, పరీక్షకి ముఖ్యం అని చెప్పి వచ్చేసేవాణ్ణి. ఆ పాఠం నాకు బుర్రకెక్కింది మాత్రం మా పాప బడిలో ఒడియా మాస్టారు రిటైరైన ఏడాదే.

మాది ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం. నాది తెలుగు, మా ఆవిడది ఒడియా, పుట్టిల్లు ఒడిశాలోని బరంపురం. పాప రెండో తరగతి, ఒడియా సెక్షన్. మాస్టారి పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. జులైలో తల్లిదండ్రుల కమిటీ మీటింగు పెట్టి, ఒడియా పిల్లల్ని తెలుగువాళ్ళతో కలిపేద్దామా అని అడిగారు. పంతొమ్మిది చేతులు లేచాయి. ఆరుగురం ఎత్తలేదు.

"ప్రజాస్వామ్యం కదా మాస్టారూ, మెజారిటీ ఎటంటే అటే" అన్నాడు ఛైర్మన్. పదిహేనేళ్ళుగా ప్రజాస్వామ్యం చెప్తున్నవాణ్ణి, నోట మాట రాలేదు.

జవాబు రాత్రి ఇంట్లో దొరికింది. విల్ కిమ్లిక అనే కెనడా ఆచార్యుడు 1995లో వచ్చిన తన పుస్తకంలో వాదించింది ఇదే. ప్రభుత్వం ఏ మతానికీ చెందకుండా ఉండగలదు గానీ, ఏదో ఒక భాష లేకుండా నడవలేదు. ఆఫీసు బోర్డు, బస్సు బోర్డు, పరీక్ష పేపరు, అన్నీ ఎక్కువమంది భాషలోనే ఉంటాయి. దానికోసం వాళ్ళు ఎప్పుడూ చెయ్యెత్తి ఓటెయ్యక్కర్లేదు. తక్కువమంది అడిగినప్పుడే ఓటింగు గుర్తొస్తుంది. కిమ్లిక కంటే చాలా ముందే మన రాజ్యాంగం ఈ పని చేసింది. 29వ అధికరణం సొంత భాష, లిపి, సంస్కృతి ఉన్న ఏ వర్గం పౌరులకైనా వాటిని కాపాడుకునే హక్కు ఇచ్చింది. 1956లో ఏడో సవరణతో 350ఎ వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వీలు కల్పించాలని. ఎంతమంది పిల్లలుంటే టీచర్ని ఇవ్వాలో లెక్క కూడా ఉంది. 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న లెక్క: తరగతిలో పదిమంది గానీ, బడి మొత్తంలో నలభైమంది గానీ.

బడి మొత్తంలో నలభై మాకు లేరు. తరగతిలో పదిమంది అంటే పది సంతకాలు.

అంతకంటే ముందు ఛైర్మన్ని దారికి తేవాలి. ఆయన అత్తవారిది పర్లాకిమిడి. "1936 ఏప్రిల్ 1న ఒరిస్సాని వేరు చేస్తూ గీత గీశారు. పర్లాకిమిడి అటు పోయింది, మనం ఇటు ఉండిపోయాం. గీత కొంచెం జరిగుంటే చేతులు లెక్కపెట్టించుకునేది మనమే కదా బాబూ" అన్నాను. గిడుగు రామమూర్తి గారి సంగతి కూడా ఎత్తాను. సవర పిల్లలకి సవరలోనే చెప్పాలని వాచకాలు రాసిన ఆ మనిషి, పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు తానే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఛైర్మన్ ఏమీ అనలేదు. మర్నాడు "మా బావమరిది పిల్లలు అక్కడ తెలుగే చదువుతున్నారు" అని ఫోన్ చేశాడు.

సంతకాల పని ఒడియా వీధి పెద్దాయన తీసుకున్నారు. రెండు రోజుల్లో కాగితం నిండింది. పదో వరసలో ఊదారంగు వేలిముద్ర. ఆ వరసలో పేరున్న పాప తల్లి బ్యాంకులో సంతకం పెట్టడం నేను చూశాను. అనుమానమొచ్చి సంతలో ఎండుచేపల గంప దగ్గరికెళ్ళి కాగితం చూపించాను.

"అది నా వేలు కాదు బాబూ, మా మామయ్యది. ఒడియా ఇంట్లో నేను చెప్పుకుంటాను. ఇంగ్లీషు నేను చెప్పలేను కదా, అది బడి చెప్పాలి" అంది.

సంతకాలు తొమ్మిదయ్యాయి.

సూసన్ ఒకిన్ అనే రాజనీతి ఆచార్యురాలు 1997లో వేసిన ప్రశ్న ఇదే. ఒక వర్గానికి హక్కు ఇస్తే, ఆ వర్గంలో అది ఎవరి చేతిలో పడుతుంది, ఆడవాళ్ళ మాటేమిటి అని. బయటివాళ్ళ ఒత్తిడి నుంచి కాపుదల వేరు, లోపలివాళ్ళ నోరు నొక్కే అధికారం వేరు అని కిమ్లికా అన్నాడు. క్లాసులో అది రెండు వాక్యాలు. చేతిలో తొమ్మిది సంతకాలే ఉండి, గడువు శుక్రవారం అయినప్పుడు ఆ రెండు వాక్యాలకి చెమటలు పట్టాయి. ఆ వేలిముద్ర ఉంచేద్దామని కూడా అనిపించింది, అబద్ధం ఎందుకు.

కాగితం చింపేసి కొత్తది రాశాను. ఒడియా టీచరు కావాలి. చదువంతా ఒడియాలోనా, లేక ఒడియా ఒక సబ్జెక్టుగానా అన్నది ఏ పిల్లకి ఆ తల్లిదండ్రులే రాసివ్వాలి. ఆవిడ గంప పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, గుండ్రటి ఒడియా అక్షరాల్లో నెమ్మదిగా సంతకం పెట్టింది.

పెద్దాయనకి కోపం వచ్చింది. "ఏటి మాస్టారూ, మా భాషకి మీరా షరతులు పెట్టేది?" ఇప్పటికీ నాతో మాట్లాడరు. మా ఆవిడ కూడా ఆయన మాటలో సగం న్యాయముంది అంటుంది. కాదనలేను.

ఇక జిల్లా విద్యాశాఖ ఆఫీసు. పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి, ఆటోలో శ్రీకాకుళం. మొదటిసారి ఆధార్ జిరాక్సులు లేవన్నారు. రెండోసారి అసలు దెబ్బ తగిలింది. అడ్మిషన్ రిజిస్టర్ ప్రకారం మా తరగతిలో ఒడియా పిల్లలు ముగ్గురేనట. వెనక్కొచ్చి రిజిస్టర్ తెరిపించాను. మాతృభాష గడిలో పైన తెలుగు అని ఉంది. దాని కింద పేజీ చివరిదాకా డిట్టో గుర్తులు. మా పాపకి కూడా డిట్టోయే. చేర్పించినవాణ్ణి నేనే, చూసుకోలేదు. ఏడుగురు పిల్లలకి ఏడు అర్జీలు రాయించి, ఎర్ర సిరాతో దిద్దించి, పక్కన హెడ్మాస్టరు పొట్టి సంతకాలు పెట్టించి మూడోసారి వెళ్ళాను.

దసరా తర్వాత పక్క మండలం నుంచి ఒక టీచరమ్మని డెప్యుటేషన్ మీద వేశారు, వారానికి మూడు రోజులు. పోస్టు ఇంకా ఖాళీయే. జూన్‌లో మళ్ళీ లెక్క చూపించాలి. మొన్న వెళ్ళి ఒకటో తరగతి రిజిస్టర్ చూసొచ్చాను. పదకొండు మంది ఉన్నారు. డిట్టోలు లేవు.