రెండున్నర వేల మాటల వ్యాసం: రాయడం, దిద్దడం

చెన్నైలో ఎం.ఏ. చరిత్ర చదివేటప్పుడు సెమిస్టర్ వ్యాసం ఒకటి రాశాను. పరిశోధనలో చేరాక అదే కోర్సు వ్యాసాలు దిద్దే పని నాకు పడింది. రెండుసార్లూ ప్రశ్న ఒకటే: "మద్రాసు నగరం కావాలన్న ఆంధ్రుల పట్టుదల ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును ఎంతవరకు ఆలస్యం చేసింది?" 2,500 మాటలు, 30 మార్కులు, ఆరు వారాల గడువు. రాయాల్సింది ఇంగ్లీషులో.

బళ్లో నేర్చుకున్న వ్యాసానికి ఉపోద్ఘాతం, విషయం, ముగింపు అని మూడు భాగాలు. ఇక్కడ ఆ అలవాటే కొంప ముంచుతుంది. "భారతదేశం ఎన్నో భాషల నిలయం" అని ఎత్తుకుని, 1913 బాపట్ల ఆంధ్ర మహాసభ, కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 శ్రీబాగ్ ఒడంబడిక, 1953 అక్టోబర్ 1 అంటూ వరసగా చెప్పుకుపోతే తేదీల పట్టిక తయారవుతుంది, జవాబు తయారవదు. ప్రశ్న బరువంతా "ఎంతవరకు" అన్న మాట మీదే ఉంది. ఆలస్యానికి నగరం కారణమా, భాషా రాష్ట్రాలంటేనే కేంద్రానికి ఇష్టం లేకపోవడమా, కోస్తాకీ రాయలసీమకీ మధ్య అపనమ్మకమా అన్నది తూచి చెప్పాలి. 1948లో ఈ విషయం పరిశీలించడానికి వేసిన ధార్ కమిషన్ భాష ప్రాతిపదికన రాష్ట్రాలే వద్దంది. కాబట్టి అప్పటి జాప్యాన్ని నగరం ఖాతాలో వేయలేం. మరుసటి ఏడు నెహ్రూ, పటేల్, పట్టాభి సీతారామయ్యలతో కాంగ్రెస్ వేసిన జె.వి.పి. కమిటీ మద్రాసును వదులుకుంటే ఆంధ్ర ఇవ్వవచ్చంది. నగరం అడ్డుపడటం అక్కణ్ణుంచి స్పష్టంగా కనిపిస్తుంది. నా వాదన అంతా ఈ తేడా మీదే నిలబడింది. దాన్ని మొదటి పేరాలోనే పెట్టేశాను. దాచిపెట్టి చివర్లో చెబితే, దిద్దేవాళ్లు అక్కడిదాకా ఏ దారిన పోతున్నామో తెలియకుండానే చదవాల్సి వస్తుంది.

చదవడానికి రెండు వారాలు పెట్టుకున్నాను. ఎగ్మూరులో మ్యూజియం ఆవరణలోని కన్నెమరా గ్రంథాలయానికి దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతి చట్టప్రకారం చేరాలి, అందుకని తెలుగు పుస్తకాల కోసం కూడా అక్కడికే వెళ్లాను. ఉన్నదున్నట్టు ఎత్తిరాసింది నీలం సిరాతో, నా మాటల్లో రాసుకున్నది నల్ల సిరాతో రాసేదాన్ని. ప్రతి కాగితం మీదా ముందు పేజీ నంబరు వేసి, తర్వాతే విషయం. నంబరు మరిచిపోతే ఆ ఒక్క అంకె కోసం మళ్లీ ఎగ్మూరు బస్సెక్కాలి.

ఎక్కువమంది తడబడేది పాత పత్రికల దగ్గర. ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చింది. దాన్ని పెట్టినవారు కాశీనాథుని నాగేశ్వరరావు. శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది మైలాపూరులోని ఆయన ఇంట్లోనే. అంటే ఆ పత్రికలో కనిపించేది ఆంధ్రోద్యమం తన గురించి చెప్పుకున్న మాట. నగరంలోని తమిళులు ఏమనుకున్నారో చెప్పడానికి అదొక్కటే చాలదు. తేదీలతో ఇంకో చిక్కు: ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేసిన పొట్టి శ్రీరాములు 1952 డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. వార్త ఆ తర్వాతి సంచికలో వస్తుంది, ఫుట్‌నోట్‌లో వేయాల్సింది ఆ సంచిక తేదీ. నేను దిద్దిన వాటిలో దీక్ష 56 రోజులని ఒకరు, 58 అని ఒకరు రాశారు. దీక్ష మొదలైన అక్టోబర్ 19ని కూడా కలిపి వేళ్ల మీద లెక్కేస్తే 58 వస్తుంది. ఇలాంటివి ఇంకొకరి లెక్క నమ్మకుండా సొంతంగా వేసుకోవాలి.

రాయడం దగ్గరికొస్తే, మొదటి పేరాకి 200 మాటలు, ఐదు విభాగాలకు తలా 400, చివరికి 250 పెట్టుకున్నాను. మిగిలిన 50 సర్దుబాటుకి. డ్రాఫ్ట్ అయ్యాక ప్రతి పేరా పక్కన అది చెప్పేదేమిటో ఒక్క వాక్యంలో రాశాను. రెండు పేరాలకి ఒకే వాక్యం వస్తే కలిపేశాను. ఏ వాక్యమూ రాకపోతే ఆ పేరా తీసేశాను. ఆ వాక్యాలు మాత్రమే వరసగా చదివితే వాదన తెగకుండా నడవాలి. నా డ్రాఫ్ట్‌లో మూడో విభాగం దగ్గర తెగింది, దాన్ని నాలుగో దాని తర్వాతికి జరిపాక సరిపోయింది.

దొంగరాత విషయంలో విద్యార్థుల్లో చాలామందికి ఒక అపోహ ఉంది: 10 శాతం లోపు పోలిక ఉంటే ఫర్వాలేదని. 2018 యు.జి.సి. (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల్లో ఆ 10 శాతం మాట ఉంది గానీ, అవి థీసిస్‌లకీ పరిశోధన పత్రాలకీ వర్తిస్తాయి. కోర్సు వ్యాసాలను వాటి నుంచి మినహాయించారు, ఇక్కడ నడిచేది కోర్సు సొంత నియమమే. తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఇంకొకటుంది. తెలుగు పుస్తకంలోని పేరాని ఇంగ్లీషులోకి తిప్పి పేరు చెప్పకుండా వాడితే సాఫ్ట్‌వేర్ సాధారణంగా పట్టుకోదు. అయినా అది దొంగరాతే. అనువాదం నాదేనని రాసి, మూలం పేజీ ఇస్తే అదే పేరా వ్యాసానికి బలమవుతుంది.

దిద్దేటప్పుడు నాకు వచ్చినవి 42 వ్యాసాలు. మార్కుల విభజన: వాదన 10, ఆధారాలు 8, అమరిక 6, భాష 3, ఫుట్‌నోట్లు 3. పేర్లు కనబడకుండా మొదటి పేజీలు మడిచి, ముందు ఐదు వ్యాసాలు మార్కులు వేయకుండా చదివాను. వాటిలోంచి బాగున్నది ఒకటి, నడిమిది ఒకటి, బలహీనమైనది ఒకటి కొలబద్దలుగా పక్కన పెట్టుకున్నాను. ఇది చేయకపోతే మొదటి రోజు 18 వేసినదానికి మూడో రోజు 22 వేస్తాం. మంచి వ్యాసం వెంటనే వచ్చిన సాదా వ్యాసం ఉన్నదానికన్నా బలహీనంగా అనిపిస్తుంది. అందుకే కూర్చున్నప్పుడల్లా కట్టను కలిపేశాను, ఒక విడతకి ఎనిమిది దాటలేదు. కోర్సు మేడం విడిగా దిద్దారు. మా మధ్య తేడా మూడు మార్కులు మించితే ఇద్దరం కూర్చుని మళ్లీ చదివాం. అలాంటివి ఏడు తేలాయి. ఐదింటిలో నేను చక్కటి ఇంగ్లీషుకి ముచ్చటపడి వాదనకి ఎక్కువ వేసినట్టు తేలింది. భాషకి మూడు మార్కులే కేటాయించుకుని, దాన్ని పదిలోకి పారనిచ్చాను. తెలుగు మీడియం నుంచి వచ్చి తడబడే ఇంగ్లీషులో గట్టి వాదన చేసిన పిల్లలకి దీనివల్ల అన్యాయం జరుగుతుంది. అందుకని ఆ 42 వ్యాసాల వాదన మార్కులు మాత్రం మొదటి నుంచీ మళ్లీ వేశాను.

తిరిగిచ్చేటప్పుడు "బాగుంది", "ఇంకా లోతుగా" అని రాయలేదు. ప్రతి వ్యాసం మీదా ఏ పేరాలో వాదన నిలిచిందో ఒక మాట, ఎక్కడ ఆధారం లేకుండా పోయిందో ఒక మాట, రాసినవాళ్లు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న ఒకటి రాశాను. ఎక్కువసార్లు రాసిన ప్రశ్న ఇది: "1949కి ముందు నగరం ఎక్కడ అడ్డుపడింది?"